లక్ష్మమ్మత్తకు లేని మోటరు అమ్మినాను

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేసినానని మా ఇంట్లోవాళ్లు మర్యాదగా చెప్తారు గానీ, ఆ రోజు మా లెక్కల అయ్యవారు బడంతా పప్పుండలు పంచినాడని విన్నాను. అంత తెలివైనోణ్ణి, మార్కాపురంలో బోరు మోటర్ల దుకాణం పెట్టినాను. ఆ తెలివే ఒక ఎండాకాలం నా దుకాణంలోనే నన్ను ఖైదీని చేసింది. ఎట్లనో చెప్తాను. నవ్వుకోండి, నాకేం రోషం లేదు.

దుకాణం నిండుగా కనపడాలని వెనక గోడకు మోటర్ల అట్టపెట్టెలు పైకప్పుదాకా పేర్చినాను. అన్నీ ఖాళీవే. ఆ ఏడాది బోర్లు అడుగంటి, మోటర్లు వరసబెట్టి కాలిపోయినాయి. సరుకేమో దొరకదు. ఒంగోలు హోల్‌సేలాయన "ముందు డబ్బు కడితేనే లారీలో నీ సరుకు" అన్నాడు. అదే మాట నేను నా గిరాకీలకు అప్పజెప్పినాను.

ఒక గురువారం కంభం పక్క పల్లె నుంచి లక్ష్మమ్మత్త వచ్చింది. చుట్టమా అంటే కాదు. మా దుకాణం మెట్టెక్కిన పెద్దావిడ ఎవరైనా నాకు అత్తే.

"అల్లుడా, మోటరు కాలిపోయింది. రెండుసార్లు వైండింగ్ చేపిచ్చినా, ఇంక పనికిరాదన్నారు. నాలుగెకరాల బత్తాయి తోట. కాయ ఇప్పుడిప్పుడే గోలీకాయంత అయింది. నీళ్లు లేకపోతే ముందు కాయ రాలతది, తర్వాత చెట్టే పోతది."

"సోమవారం వస్తది అత్తా, లారీ బయల్దేరింది. మొత్తం కట్టేస్తే మొదటి మోటరు నీదే."

ఆ లారీని నేను చూడలేదు. ఒంగోలాయన గూడా చూసినట్టు లేదు.

"ఆ పెట్టెల్లో ఒకటి ఇయ్యరాదా?"

"అవన్నీ బుక్కయిపోయినాయి అత్తా."

పాపం, నమ్మింది. కొంగుముడి విప్పి మొత్తం డబ్బు కట్టింది. ఆ సాయంత్రమే డబ్బు ఒంగోలు పోయింది.

సోమవారం ఆటో మాట్లాడుకోని వచ్చింది. "ఏదిరా మోటరు?"

"దారిలో ఉంది అత్తా."

"ఏ దారిలో?"

నేను రోడ్డు వైపు చెయ్యి చూపించినాను.

"సరేలే," అంది. "ఆ బుక్కయినది నాకియ్యి, దారిలో ఉన్నది వాళ్లకియ్యి."

నేను నోరు తెరిచేలోపల పెట్టె పట్టుకోని ఎత్తింది. ఇద్దరు మోయాల్సిన పెట్టె బొరుగుల సంచి మాదిరి లేచింది. ఇంకోటెత్తింది. మూడోది వేలితో నెట్టింది. తర్వాత నన్ను ఎగాదిగా చూసింది.

"అల్లుడా, ఈ దుకాణంలో బరువున్నది నువ్వొక్కడివేనా?"

"అత్తా, అదీ..."

"పోనీ, నా డబ్బన్నా ఇయ్యి."

"ఒంగోలు పోయింది."

"డబ్బు పోయిన దారిలో మోటరెందుకు రాలేదు?"

ఈ ప్రశ్నకు జవాబు మీకు తెలిస్తే చెప్పండి.

అరిచి తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆమె ఆటోను పంపించేసి, గల్లాపెట్టె పక్కన స్టూలు లాక్కోని కూర్చుంది. మూడు రోజులు. పొద్దున బస్సుకు రావడం, సాయంత్రం బస్సుకు పోవడం, ఉద్యోగం మాదిరి. లోపలికొచ్చిన ప్రతి మనిషికీ ఒకటే మాట: "నాయనా, పెట్టె ఎత్తి చూసుకోని డబ్బియ్యి." వచ్చినోడల్లా పెట్టెలెత్తడమే. నా దుకాణం వ్యాయామశాల అయిపోయింది.

మధ్యాహ్నం అయితే ఇంటికి ఫోన్ చేసేది. "ఈరోజు ఎన్ని రాలినాయి? గంపెడా?" ఫోన్ పెట్టేసి, సద్దిడబ్బా విప్పి, సగం జొన్నరొట్టె, గోంగూర పచ్చడి నా ముందు పెట్టేది. "తిను. నువ్వు పడిపోతే నా మోటరు ఎవడు తెస్తాడు." ఆ రొట్టె గొంతు దిగాలంటే చెంబెడు నీళ్లు కావాల్సొచ్చేవి. తోటకు లేని నీళ్లు నేను తాగుతున్నట్టుండేది.

బుధవారం తర్లుపాడు నుంచి ఒక రైతు పైపులు కావాలని వచ్చినాడు. జేబులో చెయ్యి పెట్టినాడో లేదో, "ఆగు నాయనా," అని అత్త నా చరిత్ర మొత్తం విప్పింది. ఆయన నా కాలరు పట్టుకుంటాడని గుండీలు సర్దుకున్నాను. ఆయన తల గోక్కున్నాడు.

"నీ మోటరు ఎన్ని హెచ్‌పీ పెద్దమ్మా?"

"ఐదు."

"నాదీ అంతే. బోరు ఎండిపోయి కొట్టంలో ఊరకే పడుంది. వచ్చే నెల కొత్త బోరు ఏపిస్తా, అందాక తీసుకపో."

"బాడుగ ఎంత నాయనా?"

"కాయ కోసినప్పుడు మా పిల్లోళ్లకు ఒక సంచి పంపియ్యి."

ఆ మోటరు కొట్టంలో నుంచి ఆటోలోకి, ఆటోలో నుంచి తోటలోకి భుజం మీద మోసింది నేనే. బోర్లోకి దింపేటప్పుడు తాడు పట్టిందీ నేనే. పొద్దు వాలకముందే నీళ్లొచ్చినాయి. మొదటి చెట్టు పాదులోకి పారుతుంటే అత్త చెప్పులిడిచి ఆ నీళ్లలో నిలబడింది. నేను మొహం కడుక్కునే నెపంతో అటు తిరిగినాను.

ఒంగోలు మోటరు ఇంకో పదకొండు రోజులకొచ్చింది. అదీ నేనే తీసుకపోయి దింపి, తర్లుపాడాయనది ఆయనకు అప్పజెప్పినాను. అత్త తన ఊళ్లో ఒక్క మాట అనుంటే వాళ్లొచ్చి దుకాణాన్ని ఖాళీ పెట్టెల్లో సర్ది పంపించేవాళ్లు. ఆమె ఏమన్నదో తెలుసా? "సరుకు లేదు గానీ, మనిషి పారిపోలేదు." ఈరోజు నా గిరాకీల్లో సగం ఆ ఊరోళ్లే. ఆ తల్లి రుణం, ఆ తర్లుపాడాయన రుణం తీరేవి కావు.

కాయ కోసే రోజు తోటకు పోయినాను. కళ్లు మూసుకోని, కుడిచెయ్యి ఆమె తల మీద పెట్టి, గుళ్లో పూజారి కంటే గంభీరంగా అన్నాను:

"అత్తా, చేతిలో సరుకు లేకుండా ఈ జన్మలో ఒకరి దగ్గర రూపాయి తీసుకోను. నీ తల మీద ఒట్టు."

ఆమె నా చెయ్యి తీసి, నా నెత్తి మీదే పెట్టింది.

"నీ తల మీద ఏసుకో అల్లుడా. నాకింకా రెండెకరాల కాయ కొయ్యాల్సి ఉంది."