నాన్నను చూసి మాట ఆపేసినవాళ్ళు

నా చిన్నప్పుడు మేము షార్జాలో, రోలా బజారు వెనక ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. అమ్మ, నాన్న, నేను. కిందంతా జనం, హారన్లు, బస్సుల కోసం పరుగులు. పైన మా గదిలో నాకు మాట్లాడే తోడు లేదు. బడి నుంచి వచ్చాక కిటికీ దగ్గర కూర్చుని, ఎవరైనా మా ఇంటికి వస్తే బాగుండునని చూసేదాన్ని. వచ్చేది సెలవురోజైన ఒక్క శుక్రవారమే, అదీ నాన్న దగ్గర పనిచేసేవాళ్ళు. ఉమ్ అల్ క్వైన్‌లో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీకి నాన్న ఫోర్‌మన్. మనుషులంతా కరీంనగర్ వైపువాళ్ళే. కంపెనీ బస్సు నడిపే పెద్దాయనది నాన్న ఊరే. ఆయన్ని నేను డ్రైవర్ మామ అనేదాన్ని. ఆయన వస్తే ఆ పూటంతా నాకు పండగే.

ఒక వారం నాన్న రోజూ మొహం మాడ్చుకుని ఇంటికి వచ్చాడు. తను కనబడగానే మనుషులు మాట ఆపేస్తున్నారట. ఫోన్లు జేబుల్లో పెట్టేసుకుంటున్నారట. పైగా డ్రైవర్ మామ తనకి ఒక్క మాటైనా చెప్పకుండా ముదీర్ గదికి, అంటే మేనేజరు దగ్గరికి వెళ్ళొస్తున్నాడని ఎవరో చేరవేశారు. మా నాన్నకి అనుమానం రావాలే గానీ, రుజువులు వాటంతటవే నడిచొస్తాయి. తన మీద ఫిర్యాదులు చేసి, తన పని లాక్కోవాలని మామ చూస్తున్నాడని తేల్చేశాడు. అమ్మ ఒకసారి పిలిచి అడగమంది. ఫోర్‌మన్ అయినవాడు కిందివాళ్ళని బతిమాలాలా అని కసిరాడు. శనివారం ఆఫీసు తెరవగానే మామ వీసా క్యాన్సిల్ చేయించి ఊరికి పంపేస్తానన్నాడు. నాకు అన్నం సహించలేదు. ఇక శుక్రవారాలు కూడా ఖాళీ అయిపోతాయని దిగులు పట్టుకుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మామ మరో ఇద్దరితో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాన్న లోపలికి రమ్మనలేదు. నా ఇంట్లో తిని నా వెనక గోతులు తవ్వుతావా అని మొదలుపెట్టి, వారం రోజులుగా దిగమింగుకున్నదంతా కక్కేశాడు.  మామ అంతా విని, చొక్కా జేబులోంచి నాన్న పాస్‌పోర్టు తీసి నాన్న చేతిలో పెట్టాడు.

"ముందుగాల కూసో తమ్మీ. సాయంత్రం ఫ్లైట్ ఉన్నది," అన్నాడు.

ఆ కంపెనీలో పాస్‌పోర్టులన్నీ ఆఫీసు బీరువాలోనే ఉండేవి. అడక్కుండా అది చేతికొచ్చిందంటే ఊళ్ళో ఇంటి దగ్గర ఏదో చెడు జరిగిందని అక్కడ ఎవరికైనా అర్థమవుతుంది. 

"అవ్వనా?" అని మాత్రం అడిగాడు నాన్న, వాళ్ళమ్మ గురించి.

నానమ్మకి ఆ వారం మొదట్లోనే బాగా సుస్తీ చేసింది. బాబాయి ఊరి నుంచి మామకి ఫోన్ చేశాడు. పాస్‌పోర్టు చేతికి రానిదే ఇంటి చెడ్డకబురు మనిషికి చెప్పకూడదని దుబాయ్ బతుకుల్లో మనవాళ్ళకో అలవాటు. నాన్న రోజంతా ఒక్కడే పికప్ నడుపుకుంటూ తిరిగేవాడు. విషయం తెలిసీ కదల్లేక దారిలో ఏమైపోతాడోనని వాళ్ళ భయం. అందుకే అందరూ విషయం దాచారు, మామ పాస్‌పోర్టు కోసం ముదీర్ చుట్టూ తిరిగాడు. నానమ్మ ఆ శుక్రవారం తెల్లవారుజామునే పోయింది. సెలవైనా ముదీర్ ఆఫీసు తెరిపించి పాస్‌పోర్టు ఇచ్చాడు.

అమ్మ ఏడుస్తూ బట్టలు సర్దింది. నానమ్మను నేను సెలవుల్లో తప్ప ఎరగను. నాకు ఏడుపు వచ్చింది నాన్నను చూసే. గదినిండా మనుషులున్నారు, అయినా నాన్న అంత ఒంటరిగా నాకెప్పుడూ కనబడలేదు. నాన్న మామ చెయ్యి పట్టుకున్నాడు గానీ, ఆయన మొహంలోకి చూడలేకపోయాడు.

దినాలు అయ్యాక నాన్న తిరిగొచ్చి అమ్మతో అన్నాడు: "ఆ వారమంతా నా దుఃఖం వాళ్ళు మోసిన్రు. నేను వాళ్ళ మీద కోపం మోసిన."

ఇప్పుడు దుబాయ్‌లో ఒక ఆఫీసులో నాకూ ఒక టీమ్ ఉంది. నేను టీ కోసం వెళ్ళేసరికి వాళ్ళు మాట ఆపేసిన రోజులున్నాయి. నా గురించేననే మొదట అనిపిస్తుంది. ఎంతైనా ఆయన కూతుర్నే కదా.  ఒకసారి అడుగుతాను. చెప్పకపోతే నా టీ నేను తెచ్చుకుని ఒక్కదాన్నే తాగుతాను. ఆ రోజు మాత్రం ఎవరి మీదా ఏ నిర్ణయమూ తీసుకోను. వాళ్ళు దాచేది నా మంచికే అయి ఉండాలనేం లేదు. కానీ తన కోసం పరుగులు పెట్టి వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి తిట్టిన మా నాన్న గొంతు నేను విన్నాను. ఆ గొంతు నా నోట రాకూడదు.