బరువు మిషను ముందు మొగుడూ పెళ్లాం

కరోనా వచ్చిపోయిన మరుసటి ఏడు, వానాకాలం మొదట్లో నన్ను ఎల్లారెడ్డి దవాఖాన వార్డు నుంచి కామారెడ్డిలోని ఒక ఏఆర్‌టీ సెంటరుకు వేశారు. ఏఆర్‌టీ సెంటరంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే చోటు. నా హోదా అటెండరు. లెక్కలకూ నాకూ పడక ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ని కాబట్టి అంతకు మించిన హోదా గురించి నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. అందరి పైన డాక్టరు సారు, తర్వాత కౌన్సెలర్ మేడం, నర్సమ్మ, ల్యాబు, మందుల కౌంటరు. అందరి కింద నేను. నా కింద బరువు మిషను.

కొత్తగా హెచ్‌ఐవీ అని తేలినవాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు, పోలీస్ స్టేషన్‌కు పిలిపించినట్టు తల వంచుకొని వస్తారు. జరిగేది మాత్రం అంత భయపడేదేమీ కాదు. ముందు కౌన్సెలర్ మేడం తలుపేసి ఒక్కొక్కరితోనే మాట్లాడుతుంది. మొగుడూ పెళ్లాలైనా సరే, విడివిడిగానే. తర్వాత రక్తం తీస్తారు. ఒంట్లో రోగాన్ని ఎదిరించే కణాలు ఎన్ని ఉన్నాయో చూసేది సీడీ ఫోర్ పరీక్ష. కాలేయం, మూత్రపిండాలు కూడా చూస్తారు. అన్నీ సరిగా ఉంటే తొందరలోనే మందు మొదలవుతుంది: రోజుకొక గోలీ, రోజూ ఒకే వేళకు, ఒంట్లో బాగున్నా ఆపకుండా. రెండు వారాలకు ఒకసారి రమ్మంటారు, ఆ తర్వాత నెలనెలా. ఆరు నెలలకు రక్తంలో వైరస్ ఎంత ఉందో చూస్తారు. అది కనబడనంత తగ్గి, అట్లాగే ఉంటే, సంసారం చేసినా మొగుడికో పెళ్లానికో అంటదు కూడా.

వచ్చిన ప్రతిసారీ తప్పనివి రెండు. ఒకటి బరువు. రెండోది డాక్టరు అడిగే నాలుగు ప్రశ్నలు: దగ్గుందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గావా, రాత్రి చెమటలు పడుతున్నాయా. ఇవన్నీ టీబీ కోసం. హెచ్‌ఐవీ ఉన్నవాణ్ని ఎక్కువగా మింగేది టీబీయే. అందుకే బరువు తగ్గితే సారు వెంటనే లేచి కూర్చుంటాడు.

మా బరువు మిషను గోడకానుకొని ఉండేది. ఎర్ర అంకెలు బెంచీ మీద కూర్చున్న అందరికీ కనబడేవి. అక్కడే మొదలైంది తంటా. ఎదుటివాళ్ల నగలు చూసి కుళ్లుకునేవాళ్లను చూశాను, మా బెంచీ మీద మాత్రం కిలోలు చూసి కుళ్లుకునేవాళ్లు. ఒకామె రెండు కిలోలు పెరిగితే పక్కామెకు ఆ పూట అన్నం సయించదు. బాగున్నవాళ్లకు రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చి పంపిస్తే, వాళ్లు గేటు దాటేదాకా బెంచీ కళ్లన్నీ ఆ సంచి మీదే. నేనేం తక్కువ తినలేదు. గాంధారి మండలం నుంచి ఎవరు సీతాఫలాలు తెచ్చినా కౌన్సెలర్ మేడం గదికే పోయేవి. బెంచీని నవ్వించేది నేను, పండ్లు ఆమెకు.

ఎల్లారెడ్డి అంగడిలో కూరగాయలు అమ్మే సాయిలు, గంగమణి మొగుడూ పెళ్లాలు. పేర్లు మార్చాను, మనుషులను మార్చలేదు. ఒకే రోజు పరీక్ష, ఒకే రోజు మందు, ఇద్దరికీ అదే గోలీ. మూడో నెలకు గంగమణి చెంపలు నిండాయి. సాయిలు బరువు తగ్గింది; వచ్చే నెలా తగ్గితే టీబీ పరీక్షలు రాస్తానన్నాడు సారు. బెంచీ మీది ఒక ముసలవ్వ ఊరుకోలేదు.

“ఏందే గంగమణీ, నీ మొగని పాలు గూడ నువ్వే తింటున్నవా?”

“ఆయన పాలు నాకెందుకవ్వా, తిట్లే బువ్వ లెక్క పెడ్తడు” అంది గంగమణి. బెంచీ మొత్తం నవ్వింది. సాయిలు నవ్వలేదు. కౌంటరు దగ్గరికి పోయి, తన డబ్బా, పెళ్లాం డబ్బా పక్కపక్కన పెట్టి, రెండింట్లో ఒకటే మందు ఉందని ఒట్టు వేయమన్నాడు.

ఆ మరుసటి నెల నుంచి సాయిలు బరువు పెరిగింది. కొద్దికొద్దిగా, నెల తప్పకుండా. మిషను దిగి పెళ్లాం వైపు చూసే చూపు, సర్పంచు ఎలక్షన్ గెలిచినవాడి చూపు. డాక్టరు గదిలో నాలుగు ప్రశ్నలకూ నాలుగు సార్లు “లేదు సార్” అని వచ్చేవాడు. లోపలికి ఎవరికి వారే పోతారు కాబట్టి, ఆ జవాబులు గంగమణి చెవిన పడేవి కావు.

నా కంటికి మాత్రం లెక్క కుదరలేదు. మిషను మీది అంకె లావవుతోంది, మిషను ఎక్కిన మనిషి సన్నబడుతున్నాడు. చొక్కా వదులైంది. మెడ కింది ఎముకలు తేలాయి. ఒక నెల మళ్లీ అరకిలో పెరిగాడు. నాకు నోరు ఊరుకోదు.

“సాయిలన్నా, ఇంట్ల బువ్వ తింటున్నవా, ఇనుం తింటున్నవా?”

ఉత్త పరాచికమే. కానీ సాయిలు చెయ్యి చటుక్కున నడుం మీదికి పోయింది. నేను మంచినీళ్ల నెపం పెట్టి పక్క వరండాలోకి తీసుకుపోయాను. చారల డ్రాయరుకు పైసలు దాచుకునే లోపలి జేబు ఉంటుంది చూడండి, అందులోంచి తీశాడు: ఒక రెండు కిలోల తూకపురాయి, ఒక కిలో రాయి, ఒక అరకిలో రాయి. అంగడిలో వంకాయలు తూచేవి. జన్మలో ఎవరికీ తూకం తప్పు వేయలేదని పేరున్న మనిషి, తననే తప్పు తూచుకున్నాడు.

“ఎందుకే గిట్ల?” అన్నాను.

ఆయన దగ్గి, మూతి తుడుచుకొని, గోడకు చెప్పినట్టు చెప్పాడు. “రోగం తెచ్చింది నేను మల్లన్నా. తగ్గేది నా పెండ్లానికా? అంగట్ల అందరు దాన్ని జూసి బాగైనవంటరు. నన్ను జూసి అయ్యో అంటరు. గా అయ్యో నాకొద్దు.”

“దగ్గు ఎన్ని దినాల సంది?”

“బతుకమ్మ పండుగ సంది.”

అప్పటికి సంక్రాంతి దాటింది. రాళ్లు చేతిలో పట్టుకొని నేనే సారు గదికి తీసుకుపోయాను. సారు తిట్టలేదు. మళ్లీ బరువు చూడమన్నాడు. మందు మొదలుపెట్టిన నాటికంటే నాలుగు కిలోలు తక్కువ. ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష రాశాడు. టీబీ అని తేలింది. ఇంకో రెండు నెలలు రాళ్లు మోసి ఉంటే సాయిలునే మేము మోయాల్సి వచ్చేదని సారు చెప్పాడు. ఆయన కూడా జోకులు వేయగలడని నాకు ఆ రోజే తెలిసింది. నాకది నచ్చలేదు.

సాయిలు ఒప్పుకున్నాకే గంగమణికి సంగతి చెప్పారు. ఆమె ముందు ఏడ్చింది. తర్వాత బల్ల మీది అరకిలో రాయి చూసి గుర్తుపట్టింది.

“ఓ అయ్యా! గీ రాయి కోసమేనా నేను పక్క దుకాణపామెను దొంగముండ అన్నది? దసరా సంది మాకు మాటల్లెవ్!”

టీబీ మందులు మొదలయ్యాయి. ఆ మందులు హెచ్‌ఐవీ గోలీ బలాన్ని కొంత తగ్గిస్తాయి కాబట్టి, అన్నాళ్లూ దానిలోని ఒక మందు సాయిలుకు రోజుకు రెండోసారి అదనంగా ఇస్తారు. కౌంటరు దగ్గర ఆయన సంచి నిండింది. గంగమణి తన ఒక్క డబ్బా వైపు, ఆయన సంచి వైపు చూసి, మందులిచ్చే మేడంను అడిగింది.

“ఆయనకేమో గన్ని, నాకొక్కటేనా మేడం?”

సాయిలు సంచి మూతి బిగించి పట్టుకున్నాడు. చాలా నెలల తర్వాత నవ్వడం అప్పుడే చూశాను.

టీబీ తగ్గింది. తర్వాత ఇద్దరి రక్తంలోనూ వైరస్ కనబడలేదు. బరువు మాత్రం ఆయన ఎప్పుడూ పెళ్లాన్ని దాటలేదు.

రాళ్లు బయటపడిన వారంలోనే సారు చెప్పగా బరువు మిషను ముఖం గోడవైపు తిప్పాను. ఎక్కేముందు చెప్పులతో పాటు జేబులు కూడా ఖాళీ చేయించాను, లోపలివి సహా. అంకె ఎక్కినవాడికీ నాకూ తప్ప ఎవరికీ కనబడదు. రోగి బరువును పోల్చాల్సింది పోయిన నెల బరువుతోనని, పక్కన కూర్చున్న మనిషితో కాదని ఆ పనిలో నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా మిషను అట్లాగే ఉంచాను. బెంచీ మీద కుళ్లు తగ్గింది. సీతాఫలాలు మాత్రం చివరిదాకా మేడం గదికే పోయాయి.