నీలం నూగు

చౌడేశ్వరికీ నాకూ మధ్య ఒకటే గోడ. ఈవల నేను జీన్స్ ప్యాంట్లు కుడతాను, ఆవల ఆమె కంప్యూటర్లు బాగుచేస్తుంది. రాయదుర్గంలో మా సందులోకి ఎవరు వచ్చినా ముందు నా మిషను చప్పుడు వింటారు, తర్వాత నా నోరు వింటారు. ఆమె గొంతు మాత్రం వినరు. పొద్దస్తమానం ఒక్కతే కూర్చుని, పెదవి విప్పకుండా పనిచేసుకునే ఆడమనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. నాకైతే పళ్ళ మధ్య సూది పెట్టుకుని కూడా మాట్లాడటం వచ్చు.

ఆమెది గుమ్మఘట్ట దగ్గర పల్లె. మొగుడు టేపురికార్డర్లు, టీవీలు రిపేరు చేసేవాడు. ఆయన పనిలో తల దూరిస్తే ఈమె పక్కన నిలబడి టార్చిలైటు పట్టేది. అలా పట్టీ పట్టీ పని నేర్చుకుంది. తర్వాత ఆయన బళ్ళారిలో ఇంకో కాపురం పెట్టి అక్కడే ఉండిపోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి పొమ్మని సందులో అందరం చెప్పాం. ఆమె పోలేదు. ఆయన వదిలేసిన సామాన్ల పెట్టె తెరిచి, టార్చి తన నోట్లో పెట్టుకుని పని మొదలుపెట్టింది. అనంతపురం వెళ్ళి కంప్యూటర్ల పని కూడా నేర్చుకుని వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ టార్చి మాత్రం నోట్లోంచి దిగలేదు. అందుకే నీకు మాట రాదు అని నేను ఎగతాళి చేసేదాన్ని.

మా ఊళ్ళో ల్యాప్‌టాప్‌కు వచ్చే రోగం ఒకటే, దుమ్ము. వాన ముఖం చాటేసినా గాలి మాత్రం ఏటా తప్పకుండా వస్తుంది. ఆషాఢంలో అన్నం కంచంలోనూ మన్నే, పక్క మీదా మన్నే. ల్యాప్‌టాప్ అడుగున గాలి పీల్చుకోవడానికి సన్నని సందులుంటాయి. లోపలొక చిన్న ఫ్యాను, దాని పక్కన రాగి రేకులు. ఫ్యాను గాలి ఆ రేకుల మధ్య నుంచి పోతూ వేడిని బయటికి తోస్తుంది. రేకుల ముందు దుమ్ము పేరుకుని కంబళి ముక్కలా అట్టకట్టిందంటే గాలి ఆగిపోతుంది. ఫ్యాను రొద పెడుతుంది, మిషను చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఆరిపోతుంది. చౌడేశ్వరి అడుగున మరలు విప్పి, ఆ అట్టను పట్టుకారుతో లాగేసి, ఫ్యాను రెక్కలు మెత్తటి బ్రష్షుతో తుడిచి, బ్లోయరుతో గాలి కొట్టి మళ్ళీ బిగిస్తుంది. గంట పని.

సుష్మిత మొదటిసారి వచ్చింది అలాంటి ఒక ఆషాఢంలోనే. మెయిన్ బజారులో బట్టల హోల్‌సేల్ అంగడి ఉన్న రామసుబ్బమ్మ గారి కోడలు. పుట్టిల్లు ధర్మవరం. మొగుడు అనిల్ కుమార్ సరుకు కోసం బెంగళూరనీ సూరత్ అనీ తిరుగుతూ ఉంటాడు. ఆ పిల్ల ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో అంగడి లెక్కలు చూస్తుంది. వాళ్ళింట్లో కోడళ్ళు ఊరికే గడప దాటరు. గుడికి పోయినా వెంట అత్త ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను పనివాళ్ళ చేతికిస్తే ఎక్కడ కింద పడేస్తారో అని రామసుబ్బమ్మ భయపడి కోడలినే పంపింది.

ఆ పిల్ల లోపలికి అడుగుపెట్టి, చౌడేశ్వరి నోట్లో టార్చి చూసి పకపకా నవ్వింది. “ఇటియ్యక్కా, నేను పట్టుకుంటా,” అని లాక్కుంది. చౌడేశ్వరి నోరు ఖాళీ అయింది. గోడ ఇవతల నాకు ముందొక మాట వినబడింది, తర్వాత ఇంకొకటి, కాసేపటికి నవ్వు. నేను మిషను ఆపేశాను. చౌడేశ్వరి నవ్వు ఎలా ఉంటుందో నాకు అంతవరకు తెలియదు. నిజం చెప్పాలంటే కొంచెం కుళ్ళుకున్నాను కూడా. ఇన్నేళ్ళు గోడ పక్కన ఉన్నది నేనైతే నవ్వింది నిన్నగాక మొన్న వచ్చిన పిల్లతో.

ఆ తర్వాత నెల తిరిగేసరికి ఆ ల్యాప్‌టాప్‌కు మళ్ళీ రొద వచ్చేది, సుష్మిత గొడుగు వేసుకుని వచ్చేది. చేతిసంచిలో వేయించిన శెనక్కాయలు ఉండేవి. ఆ పిల్ల టార్చి పడుతూ కాలేజీ సంగతులు చెప్పేది, ఈమె మరలు విప్పుతూ చిన్నప్పుడు గొర్రెలు కాసిన సంగతులు చెప్పేది. పని అయిపోయాక కూడా కాయలు అయిపోయేదాకా కూర్చునేవాళ్ళు. ఆ పిల్ల వచ్చే రోజులు దగ్గరపడితే చౌడేశ్వరి బల్ల కింద ఉన్న రెండో స్టూలు బయటికి తీసి తుడిచి పెట్టేది. ఎందుకే అంటే ఊరికే అనేది.

అయితే ఒక చిక్కు వచ్చింది. రెండోసారి నుంచి ఆ ల్యాప్‌టాప్‌లో దొరికే దుమ్ము మన్ను రంగులో లేదు, నీలంగా ఉంది. జీన్స్ గుడ్డ కోసినప్పుడు రాలే నూగు. ఎన్నిసార్లు ఊడ్చినా నా మిషను కింద కుప్పపడేది అదే. ఒకరోజు చౌడేశ్వరి ఆ నూగు ముద్దను పట్టుకారుతో పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చింది.

“చూడు వదినా, నీ నూగే. బాగుచేసినాంక ఫ్యాను తిప్పి చూస్తా కదా, అప్పుడు లోపలికి పీలుస్తాండాది. నా అంగట్లోనే మిషను పాడైతాంటే ఇంక నా పనికి అర్థమేముండాది?”

“నా నూగుకు కాళ్ళుండాయా, గోడ దూకి నీ అంగట్లోకి వచ్చేకి?” అని నేనూ ఎగిరాను. కొన్ని రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు. అంటే నేను మాట్లాడలేదు, ఆమె ఎప్పుడూ మాట్లాడదు కదా.

ఎండాకాలం వచ్చింది. సుష్మిత వచ్చేసరికి ముఖమంతా కందిపోయి, గటగటా చెంబుడు నీళ్ళు తాగి కూలబడింది. అది చూసి చౌడేశ్వరి ప్రాణం ఉసూరుమంది. తన అంగట్లో పీల్చిన నూగు వల్లే ఆ పిల్లకు ఈ తిప్పలని ఆమె లెక్క. పంతమంతా పక్కనపెట్టి నా దగ్గరికి వచ్చి దోమతెర ముక్క అడిగింది. నేను కత్తిరించి, అంచు కుట్టి ఇచ్చాను. ల్యాప్‌టాప్ అడుగు పలకకు లోపలివైపున, గాలి పోయే సందులన్నీ కప్పేటట్లు దాన్ని అతికించింది. అంత మురిపెంగా ఆమె ఏ పనీ చేసి ఉండదు.

“ఇంక నలకంత గూడా లోపలికి పోదు పాపా. పైన పడింది గుడ్డతో నువ్వే తుడుచుకోవచ్చు. ఎండలో పడి ఈడిదాకా రావాల్సిన పని లేదు.”

“అస్సలు లేదా అక్కా?” అంది సుష్మిత.

“అస్సలు లేదు,” అంది చౌడేశ్వరి, గొప్పగా.

ఆ పిల్ల టార్చిని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆర్పడం మరిచిపోయింది.

మొదటి నెల రాకపోతే చౌడేశ్వరి పొంగిపోయింది. “చూసినావా వదినా, మిషను ఎంత బాగుండాదో,” అంది. రెండో నెల స్టూలు తీసి తుడిచింది, సాయంత్రం మళ్ళీ బల్ల కిందికి తోసింది. ఆషాఢం గాలి మొదలైంది. ఊళ్ళో ల్యాప్‌టాప్‌లన్నీ వరసపెట్టి వచ్చాయి, అది తప్ప. టార్చి మళ్ళీ ఆమె నోట్లోకి ఎక్కింది. ఒకనాడు ఉన్నట్టుండి నా దగ్గరికి వచ్చి, “ఆ పాప మనసు నొచ్చేటట్ల నేనేమన్నా అన్నానా వదినా?” అని అడిగింది. ఏమీ అనలేదులే అన్నాను. ఆమె నా గుమ్మంలోంచి సందు చివరిదాకా ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు ఆమెను చూస్తే ఏడుపొచ్చింది. ఎప్పుడూ ఒంటరిగా ఉన్న మనిషి వేరు, తోడు దొరికి పోగొట్టుకున్న మనిషి వేరు.

ఆ గాలి రోజుల్లోనే విడపనకల్లు నుంచి ఒక ఫొటోగ్రాఫరు తన ల్యాప్‌టాప్ తెచ్చాడు. అంతకుముందూ ఆమె చేతిలోనే బాగైన మిషను అది. విప్పి చూసి చౌడేశ్వరి నన్ను కేకేసింది. కేక వేయడం కూడా ఆమెకు వచ్చని అప్పుడే తెలిసింది.

“దీంట్లో అంతా ఎర్రమన్నే వదినా. నీలం పోగు ఒక్కటి లేదు. దీన్ని గూడా ఈడే తిప్పి చూసినా. ఈడ తిప్పినవి ఎన్ని ఉండాయి, దేంట్లోనూ నూగు లేదు. ఆ పాప దాంట్లోనే ఎట్లొచ్చింది?”

అప్పుడు నాకు గుర్తొచ్చింది. వెళ్ళేటప్పుడల్లా సుష్మిత నా గుమ్మం ముందు ఆగి, చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి వంగేది. నేను ఊడ్చిన నూగు కుప్ప ఉండేది సరిగ్గా అక్కడే. కొత్త చెప్పులకు పట్టీ ప్రతిసారీ ఎందుకు ఊడుతుందని నేను ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ పిల్ల ఇక్కడి నూగు ఇంటికి తీసుకుపోయి, సందుల్లోంచి తనే లోపలికి కూరింది. ఫ్యాను రొద పెడితేనే కదా, గడప దాటి ఇక్కడికి రావడానికి ఆమెకు ఒక వంక దొరికేది.

చెప్పాను. చౌడేశ్వరి స్టూలు మీద కూర్చుండిపోయింది.

“ఆ దారి నేనే మూసినాను,” అంది. “నా చేత్తోనే మూసినాను వదినా.”

మర్నాడు అంగడికి తాళం వేసి మెయిన్ బజారుకు పోయింది. తిరిగొచ్చి జరిగింది చెప్పింది. రామసుబ్బమ్మ వసారాలోనే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చిందట. “నీ చెయ్యి మంచిదమ్మా, మిషను సప్పుడే లేదు ఇప్పుడు,” అని మెచ్చుకుందట. లోపల గాజుల చప్పుడైంది గానీ మనిషి బయటికి రాలేదు. తెర మాపు పట్టి ఉంటుంది, మార్చాలి, ఒకసారి పంపండి అని చౌడేశ్వరి బతిమాలితే, సరేలే పంపిస్తాం అందట. మెప్పు విని అంత దిగులుగా వచ్చిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

ల్యాప్‌టాప్ వచ్చింది. తెచ్చింది మాత్రం సుష్మిత కాదు, వాళ్ళ అంగట్లో మూటలు మోసే తిమ్మన్న. బేగి కావాలంట అని చెప్పి, అతను ఎదురుగా టీ తాగడానికి పోయాడు.

చౌడేశ్వరి దాన్ని తిరగేసింది. అడుగున సందుల్లో, తెరకు బయటివైపున, నీలం నూగు ముద్ద ఒకటి ఇరుక్కుని ఉంది. ఆ పిల్ల వేలితో ఎంత తోసిందో, లోపలికి పోక అక్కడే అట్టకట్టింది. చౌడేశ్వరి ఆ ముద్దను వేలితో తడిమి చూసింది. తర్వాత మరలు విప్పి, తెర మొత్తం పీకేసింది. లోపల ఫ్యాను కొత్తదానిలా ఉంది.

“కొంచెం నూగు తీసుకురా వదినా.”

తెచ్చిచ్చాను. దుమ్ము తీయడమే బతుకుతెరువైన మనిషి, ఆ నూగును వేళ్ళతో విడదీసి రేకుల ముందు పల్చగా పరిచింది. మిషను కాలిపోకూడదు, రొద మాత్రం రావాలి. అంత లెక్కగా పరిచి, మరలు బిగించింది.

“మళ్ళీ తిమ్మన్న చేతే పంపితే?” అన్నాను.

“పంపనీ. మళ్ళీ పెడతా. ఎప్పుడో ఒకనాడు ఆ పాపే తెస్తాది.”

తిమ్మన్న వచ్చి ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకున్నాడు. “యాడ ఆలస్యమైతాదో అనుకుంటి. చిన్నమ్మ వాళ్ళు బళ్ళారికి పోతాండారు కదక్కా. ఆడ కొత్త అంగడి తెరిచినారు, కాపురం గూడా ఇంక ఆడనే. దీన్ని వెంట తీసుకుపోతాది చిన్నమ్మ. తానే వస్తాననింది గానీ, సామాన్లు సర్దేదుండాదని పెద్దమ్మ పంపలేదు.”

చౌడేశ్వరి చెయ్యి చాచింది. “ఇటియ్యి తిమ్మన్నా.”

“అయిపోయిందంటివే?”

“కాలేదు. ఇంకా పనుండాది.”

మళ్ళీ విప్పింది. టార్చి నోట్లో పెట్టుకోబోతుంటే నేను తీసుకుని పట్టుకున్నాను. తను పెట్టిన నూగును తనే పోగు పోగుగా ఏరింది. బ్రష్షుతో తుడిచింది, బ్లోయరు కొట్టింది, వెలుతురులోకి వంచి చూసి మళ్ళీ తుడిచింది. తర్వాత సందులు కొలుచుకుని నా వెంట నా మిషను దాకా వచ్చింది. దోమతెరలో చిరుగు లేని చోట చూసి కొత్త ముక్క కత్తిరించాను. అంచు మడిచి మిషను కింద పెడుతుంటే ఆమె నా వెనకే నిలబడింది.

“బళ్ళారిలో దుమ్ము జాస్తి వదినా,” అంది. “గట్టిగా కుట్టు.”