కంట్లో వేసుకునే మాత్ర

ఆ టీవీ చానల్లో ఆమెను అందరూ మూలమ్మ అని పిలిచేవారు. తెర మీద కుడివైపు కింది మూలన, అగ్గిపెట్టెంత చదరంలో నిలబడి, పైన పెద్ద బొమ్మలో వాళ్లు మాట్లాడేదంతా వినపడనివాళ్ల కోసం చేతులతో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ పేరు పెట్టినవాడు కెమెరామన్. ఆమె నొచ్చుకోలేదు. "మూలన పడేశారని కాకపోతే చాలు" అని నవ్వేసింది.

ఆమె పనిచేసే గది మేడమీద, మెట్ల పక్కన ఉండేది. ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు. వెనక పచ్చగుడ్డ, ముందు ఒక కెమెరా, చెవిలో ఇయర్‌ఫోన్. చేతులు స్పష్టంగా కనపడాలని ఎప్పుడూ ముదురు రంగు, పువ్వులూ చారలూ లేని బట్టలే వేసుకునేది. గాజులు, ఉంగరాలు బ్యాగులో పడేసి గదిలోకి వెళ్లేది.

ఈ విద్య ఆమె ఏ బడిలోనూ నేర్చుకోలేదు. అమ్మానాన్నలిద్దరికీ పుట్టుక నుంచీ వినపడదు. మాటలకన్నా ముందు ఆమెకు సైగలే వచ్చాయి. నాలుగేళ్లకే అమ్మ కొంగు పట్టుకుని బజారుకెళ్లి బేరాలాడేది. అమ్మ వేళ్లతో "సగానికివ్వమను" అంటే ఈమె నోటితో అనేది. కూరగాయలామె విసుక్కుని తిడితే ఆ తిట్టు మాత్రం అమ్మదాకా చేర్చేది కాదు. "ఏమంది?" అని అమ్మ అడిగితే, "వంకాయలు బాగున్నాయంది" అని చెప్పేది.

నాన్న దర్జీ. ఆయన పోయి పదేళ్లయింది. అప్పటి నుంచి అమ్మ కూతురి దగ్గరే ఉంటోంది. అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. మూలమ్మను చేసుకోవాలని మనసుపడ్డ రోజుల్లో మామగారితో మాట కలపడానికి సైగలు నేర్చుకుందామని దుకాణానికి వెళ్లి, ఊరికే కూర్చోలేక ఒక్కో చొక్కా కుట్టించుకుంటూ పోయాడు. తొమ్మిదో చొక్కా దగ్గర మామగారే, "ఇక చాల్లే, పిల్లనిస్తాను" అని చేతులతో చెప్పేశారట. ఆ ముక్క ఇంట్లో ఎవరు తలుచుకున్నా అల్లుడు సిగ్గుపడేవాడు.

శనివారాలు సాయంత్రం నాలుగింటికి ఆ చానల్లో మాటల మీద ఒక కార్యక్రమం వచ్చేది. వార్తల్లో నలిగే మాటనొకదాన్ని తీసుకుని ముగ్గురు వ్యాఖ్యాతలు గంటసేపు దాన్ని ఉతికి ఆరేసేవారు. ఆ వారం మాట "మాత్ర". నిర్మాత మూలమ్మకు ఒక్క ముక్కే చెప్పాడు. "మూలమ్మగారూ, ఇవాళ మాత్రల మీద. మాత్రల మీద మాత్రమే!" అని తన చమత్కారానికి తనే నవ్వుకుని వెళ్లిపోయాడు. ఈసారి ఆరోగ్యం సంగతులేననుకుని ఆమె బీపీ, షుగరు, నొప్పులు, నిద్ర అన్నిటి సైగలూ ఒకసారి నెమరేసుకుని గదిలోకి వెళ్లింది.

మొదటి ఇరవై నిమిషాలూ సాఫీగా సాగాయి. వ్యాఖ్యాతల్లో ఒకాయన డాక్టరు. మాత్రలకు రంగులెందుకు వేస్తారో, పైన పూత ఎందుకు పూస్తారో నిదానంగా చెప్పాడు. రెండో ఆయన రాజకీయాల మీద రాసే పెద్దమనిషి. "ప్రభుత్వాలు ధరలు పెంచినప్పుడల్లా ప్రజలు చేదు మాత్ర మింగక తప్పదంటాయి" అన్నాడు. మూలమ్మ చేతులు ప్రజలనీ, చేదనీ, మాత్రనీ, మింగడాన్నీ వరసగా చూపించాయి. మూడో వ్యాఖ్యాత ఇంటర్నెట్టు సంగతుల మీద రాసే అమ్మాయి. ఆమె నోరు తెరిచేసరికి మిగతా ఇద్దరూ ధరల మీద వాదనకు దిగారు. మూడు గొంతులు ఒకేసారి చెవిలో పడ్డాయి. "ఇవి నిజం మాత్రలు కావు, ఒక పాత సినిమాలోంచి ఇంటర్నెట్టుకి పాకిన మాటలు" అని ఆ అమ్మాయి మొదట అన్న వాక్యం ఆ గోలలో కొట్టుకుపోయింది. మూలమ్మకు చిక్కింది ఆ తర్వాతి ముక్కలే.

"ఎర్ర మాత్ర మింగినవాళ్లు కళ్లు తెరుచుకున్నాయంటారు, ఆడవాళ్లంతా మోసగత్తెలని నమ్మడం మొదలుపెడతారు. నీలి మాత్ర మింగినవాళ్లు నిజం చూడకుండా హాయిగా బతికేస్తారు. నల్ల మాత్ర మింగినవాళ్లకి ఇక ఏ ఆశా ఉండదు."

చేతులు ఆగకుండా అదంతా చెప్పేశాయి. పైగా తెర కింద పెద్ద అక్షరాలతో "మీరు ఏ మాత్ర మింగారు?" అన్న ప్రశ్న పరుగెడుతూనే ఉంది. గోలలో పోయిన వాక్యం సంగతి, కార్యక్రమం అయ్యాక ఆ అమ్మాయి చెబితేగాని మూలమ్మకు తెలియలేదు.

మర్నాడు పొద్దున మూలమ్మ వంటింట్లోకి వెళ్లేసరికి, అమ్మ కత్తెర పట్టుకుని బీపీ మందుల అట్టలోంచి ఎర్రబిళ్లలు ఒక్కొక్కటే కత్తిరించి చెత్తబుట్టలో వేస్తోంది. మూలమ్మ గబగబా వెళ్లి అమ్మ భుజం తట్టి తనవైపు తిప్పుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

అమ్మ కత్తెర కింద పెట్టింది. చేతిలో ఏదైనా ఉంటే మాట ముద్దగా వస్తుందని ఆమె పట్టింపు. "నువ్వు చెప్పిందే చేస్తున్నా."

"నేనేం చెప్పాను?"

"ఎర్రబిళ్ల మింగితే ఆడవాళ్లంటే అసహ్యం పుడుతుందన్నావు. నేనే ఆడదాన్నైతిని. అద్దంలో నన్ను చూసుకుంటే నాకే అసహ్యం పుడితే ఎట్లా బతకను?"

మూలమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిన్న రాత్రి బిళ్ల వేసుకున్నావా అని అడిగింది. లేదంది అమ్మ. "నేనొక్కదాన్నే కాదు. హాల్లో చూసినవాళ్లమంతా మాట్లాడుకున్నాం. కంపోజిటర్ పెళ్లామైతే మొగుడి బిళ్లలు దాచడానికి అప్పటికప్పుడే ఇంటికి పరుగెత్తింది."

సైకిళ్లు బాగుచేసే షాపు మీద ఒక గది ఉంది. వినపడనివాళ్ల సంఘం దాన్నే హాలు అంటుంది. శనివారాలు పదిమందీ అక్కడ కూర్చుని టీవీ చూస్తారు, ఆదివారాలు పొద్దున్నే కలుసుకుంటారు. మూలమ్మ చెత్తబుట్టలోంచి బిళ్లలు ఏరి, అమ్మను వెంటబెట్టుకుని అక్కడికి పరుగెత్తింది. మెట్లెక్కుతుంటే కింద షాపులో సుత్తి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. పైన మాత్రం పెద్ద రగడ జరుగుతోంది.

అక్షరాలు పేర్చే ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన కంపోజిటర్ బాబాయ్ గది మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆయన భార్య, మూలమ్మకు వరసకు పిన్ని, ఆయన్ని నిలదీస్తోంది. ఆమెకూ వినపడదు. ఆ చేతుల విసురుకు పక్కనున్నవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు.

"నాలుగు నెలలుగా రక్తం పట్టాలని ఎర్రబిళ్లలు మింగుతున్నాడు. నాలుగు నెలలుగానే నా వంటకి వంకలు పెడుతున్నాడు. ఇన్నాళ్లకి నాకు కారణం తెలిసింది!"

"వంకలు నలభై ఏళ్లుగా పెడుతున్నాను. బిళ్లలు మొన్నొచ్చాయి" అన్నాడు బాబాయ్.

మూలమ్మ గదిలో లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించింది. అందరూ ఇటు తిరిగారు. వాళ్లకెదురుగా నిలబడి మొత్తం చెప్పింది. ముగ్గురూ ఒక్కసారే మాట్లాడటం, మొదటి వాక్యం తను వదిలేయడం, మిగతాది మాటకు మాట దించేయడం, ఏదీ దాచలేదు.

"అయితే ఆ బిళ్లలు మందులషాపులో దొరకవా?" అన్నాడు బాబాయ్.

"ఎక్కడా దొరకవు. అసలు అలాంటి బిళ్లలే లేవు. మనుషుల మనసులో పడే పిచ్చిని అలా అంటారు."

బాబాయ్ మొహంలో నవ్వు లేదు. "అమ్మాయ్, మిగతా టీవీలవాళ్లు ఏం వాగినా మేం పట్టించుకోం. నువ్వు చెప్పావని మందులు పారేశాం. తెలుస్తోందా?"

ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. "చేయి జారింది బాబాయ్" అంది.

అమ్మ వచ్చి ఆమె పక్కన నిలబడింది. కూతురిని వెనకేసుకు రాలేదు, కానీ ఆమె చెయ్యి పట్టుకుంది.

ముందు మందుల సంగతి తేలాలి. మూలమ్మ మందులషాపు ఆవిడకు ఫోన్ చేసి, మందులు మానినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి, ఆవిడ చెప్పిన జవాబు చేతులతో అందరికీ చూపించింది. నిన్నటిది వదిలేయండి, ఇవాళ్టిది ఇవాళ వేసుకోండి, రెండూ కలిపి మాత్రం మింగకండి, ఒంట్లో తేడాగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి అంది ఆవిడ. పిన్ని లేచి, రవిక లోపల దాచిన మొగుడి బిళ్లల అట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది. అది చూసి ఒకరు మొదలుపెట్టారు, ఇక అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. బాబాయ్ కూడా.

"నవ్వింది చాలు. రేపు మళ్లీ ఎవరో ఎర్ర మాత్రంటారు. అప్పుడేం చెప్తావు?" అని అమ్మ అడిగింది.

ఆ మాటకు అప్పటివరకూ వాళ్ల భాషలో సైగే లేదు. అందరూ నేలమీద గుండ్రంగా కూర్చున్నారు. బస్సులకు రంగులేసే ఆయన తలలో బిళ్ల పెట్టుకున్నట్టు చూపించాడు. అది తలనొప్పి మందులా ఉందన్నారు. ఇంకొకావిడ చెవిలో వేసుకున్నట్టు చూపిస్తే, మనకి చెవితో పనేంటని అందరూ ఆమెను ఏడిపించారు. చివరికి బాబాయ్ లేచాడు. రెండు వేళ్ల మధ్య బిళ్ల పట్టుకున్నట్టు పట్టుకుని, నోటి దాకా తెచ్చి, నోట్లో వేసుకోకుండా పైకి తీసుకెళ్లి కంట్లో వేసుకున్నాడు. కళ్లు ఇంతలేసి చేసి, అంతా కనపడిపోతున్నట్టు చుట్టూ చూస్తూ, ఎదురుగా ఉన్న కుర్చీకి తగులుకుని పడబోయాడు.

"ఇదీ. కళ్లు తెరుచుకున్నాయనుకుంటాడు. కంట్లో బిళ్లుంటే ఇంకేం కనపడుతుంది?"

అందరూ గాల్లో చేతులూపి మెచ్చుకున్నారు. నీలి మాత్రకు అదే సైగ చేసి చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోవాలన్నారు. నల్లదానికి భుజాలు జారవిడవాలి. ప్రభుత్వం చెప్పే చేదు మాత్ర దగ్గర పిన్ని అడ్డం పడింది. "మింగేవాడు ఒకడు, మింగించేవాడు ఒకడు కదా?" అంటూ మొగుడి ముక్కు మూసి, నోట్లో చెయ్యి కుక్కి చూపించింది. దాన్ని అందరూ ఒక్కమాటగా ఒప్పుకున్నారు. చిన్నప్పటి నుంచీ ఈ భాషలోనే బతికినా, కొత్త మాట కళ్లముందే పుట్టడం మూలమ్మ మొదటిసారి చూసింది. మధ్యాహ్నం భోజనం సంగతే ఎవరికీ గుర్తురాలేదు.

సోమవారం ఆమె నిర్మాత గదికి వెళ్లింది. జరిగింది చెప్పి, సవరణ ఇవ్వాలంది.

"ఎవరూ పట్టించుకోలేదండీ. ఒక్క ఫోనైనా రాలేదు" అన్నాడాయన.

"వాళ్లు ఫోనెలా చేస్తారు సార్?"

ఆయన కాగితాలు అటూ ఇటూ సర్దాడు. "ఎంతసేపు కావాలి?" అన్నాడు.

"అయిదు నిమిషాలు. అలాగే ఇక మీదట విషయమేంటో ఒకరోజు ముందు కాగితం మీద రాసివ్వాలి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి."

"మొదటి రెండూ నా చేతిలో ఉన్నాయి. మూడోది ఆ ముగ్గురికీ దేవుడు కూడా చెప్పలేడు" అన్నాడు నిర్మాత. ఒప్పుకున్నాడు మాత్రం.

ఆ శనివారం బాబాయ్, పిన్ని, అమ్మ స్టూడియోకు వచ్చారు. పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుంది. బాబాయ్ అలంకరణ చేసేవాళ్లను ముక్కుకు పౌడరు రాయనివ్వలేదు. అసలు కార్యక్రమం మొదలయ్యే ముందు వాళ్ల ముగ్గురినీ వ్యాఖ్యాతల బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. వాళ్లు సైగ చేస్తుంటే మూలమ్మ పక్కన నిలబడి ఆ మాటలను నోటితో చెప్పింది. క్రితం వారం జరిగిన పొరపాటు తనదేనని మొదట ఒప్పుకుంది. మందులేవీ మానొద్దని అమ్మ రెండుసార్లు చెప్పింది. ఆ తర్వాత బాబాయ్ కొత్త సైగలు చూపించాడు.

రాజకీయాల పెద్దమనిషి ఎర్ర మాత్ర సైగ నేర్చుకోబోయి నిజంగానే కంట్లో వేలు పొడుచుకున్నాడు. కళ్లు తుడుచుకుంటూ, "ఈ మాట మీద నేను రాసిన పది వ్యాసాలూ ఈ ఒక్క సైగలో ఉన్నాయి" అన్నాడు. పిన్ని చేదు మాత్ర చూపించడానికి మొగుడి ముక్కు పట్టుకుంటే, ఇంటర్నెట్టు అమ్మాయి నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. అయిదు నిమిషాలనుకున్నది పద్దెనిమిది నిమిషాలయింది. నిర్మాత గాజు తలుపు అవతల నుంచి ఇంకా కానివ్వండి, కానివ్వండి అని చేతులూపుతూనే ఉన్నాడు.

కార్యక్రమం అయ్యాక డాక్టరు వాళ్ల కోసం ఆగాడు. తన దగ్గరికి వినపడని రోగులు వస్తుంటారనీ, వాళ్లకు కాగితం మీద రాసిచ్చి పంపేస్తుంటాననీ, వాళ్లు చదివి ఏం అర్థం చేసుకున్నారో ఎప్పుడూ అడగలేదనీ మూలమ్మతో అన్నాడు. "మీ అమ్మగారు వారానికోసారి వచ్చి మాకు నాలుగు సైగలు నేర్పుతారా?" అని అడిగాడు. మూలమ్మ ఆ మాట అమ్మకు చెప్పింది. భర్త పోయాక హాలుకు తప్ప ఎక్కడికీ కదలని ఆ మనిషి, ఆలోచించడానికి రెండు రోజులైనా అడుగుతుందనుకుంది.

"మంగళవారం ఖాళీ" అంది అమ్మ.

ఇప్పుడు ప్రతి మంగళవారం పదింటికి ఆమె చేతిసంచి భుజాన వేసుకుని బస్సెక్కి డాక్టరు ఆస్పత్రికి వెళ్తుంది. నర్సులకూ, మందులిచ్చే కుర్రాడికీ, డాక్టరుకూ "ఎక్కడ నొప్పి", "ఎన్నాళ్ల నుంచి", "అన్నం తిన్నాక ఒకటి" నేర్పుతుంది. తప్పు చేస్తే వేళ్ల మీద చిన్నగా కొడుతుంది కూడా. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూతురికి ఆనాటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్తుంది.

"నర్సుపిల్లలు బంగారాలు. రెండు వారాల్లో గడగడా మాట్లాడేస్తున్నారు. ఆ డాక్టరుతోనే నాకు కష్టంగా ఉంది. మంచివాడే పాపం, కానీ వేళ్లు కట్టెల్లా బిగుసుకుపోయాయి. మొన్న ఒక ముసలాయన్ని కడుపునొప్పా అని అడగబోయి, పెళ్లయిందా అని అడిగాడు. ఆయన సిగ్గుపడి, సంబంధాలు చూస్తున్నారా అన్నాడు!"