ఎరుపు చూపిన చెయ్యి

రెండేళ్లు నిండినా మా పాప తినేది పప్పన్నం ఒక్కటే. కూర ముక్క నాలిక్కి తగిలితే ముద్దంతా ఉమ్మేసేది. బరువు పెరగడం లేదని డాక్టరు చెప్పినప్పటినుంచి ఇంట్లో అందరికీ అదే బెంగ. నాకు బెంగ పుడితే కోపమై బయటికొస్తుంది, పాడు గుణం.

నేను గూడ్సు బండ్లు నడుపుతాను. సిగ్నలు కనబడగానే నేనూ నా అసిస్టెంటూ చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాలి. ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి చెప్పాలి. ఆ అలవాటునే అన్నం దగ్గరికి తెచ్చాను. ఇక్కడి రైల్వే క్వార్టర్లలో హిందీ పిల్లల మధ్య తిరిగి పాపకు తెలుగు కంటే ముందు హిందీ వచ్చింది. అందుకని నేను పచ్చ సిగ్నలుకి "హరా" అంటే తను నోరు తెరవాలి. తను అరచెయ్యెత్తి ఎర్ర సిగ్నలుకి "లాల్" అంటే నేను ఆగాలి. నాలుగు రోజులు ఆట బాగానే సాగింది.

ఒక మధ్యాహ్నం కోటా వైపునుంచి వచ్చిన బండి దిగి, నిద్రలేని కళ్లతో ఇల్లు చేరాను. పప్పన్నంలో ఆనపకాయ ముక్క దాచి పెట్టాను. రెండో ముద్దకే పసిగట్టేసింది. అరచెయ్యెత్తి "లాల్" అంది. ఆ చెయ్యి పక్కకు నెట్టి ముద్ద నోట్లో కుక్కాను. పొలమారి, తిన్నదంతా కక్కేసింది.

మా అమ్మ పాపను ఎత్తుకుని వీపు రాస్తూ, గొంతు పెంచకుండానే అడిగింది. "ఏట్రా, బండిమీదుంటే ఎర్ర సిగ్నలు దాటేత్తావేటి?"

నాన్న కూడా ఇంజను నడిపినవాడే, ఎక్కడ కొట్టాలో అమ్మకు తెలుసు. ఎరుపు దాటినవాణ్ణి మా దగ్గర ముందు ఇంజను మీంచి దింపేస్తారు, సంజాయిషీలు తర్వాత. పాప కూడా అంతే చేసింది. మర్నాటినుంచి నా చేత్తో పెడితే పప్పన్నం కూడా ముట్టలేదు.

ఇక పెట్టడం మానేశాను. ఇంట్లో ఉన్న పూట నా కంచం తెచ్చుకుని పక్కన కూర్చునేవాణ్ణి. పాప కంచంలో పప్పన్నం, దానికి ఎడంగా ఒక్క కూర ముక్క, కనబడేటట్టే. తినమని అనేవాణ్ణి కాదు. పాప దాన్ని వేలితో పొడిచేది, వాసన చూసేది, తెచ్చి నా కంచంలో పడేసేది. ఎన్ని వారాలో అలా. నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఘాట్ మీద బండి నడపడం కన్నా కష్టమైంది.

ఒకరోజు ఆనపకాయ ముక్క కొరికింది. మింగింది కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది. నా చెయ్యి దానంతటదే ఇంకో ముక్క అందుకుంది. పాప వెంటనే అరచెయ్యెత్తి, మాట్లాడకుండా నా మొహంకేసి చూసింది.

"లాల్" అని నేనే పైకి చెప్పి, ముక్క వెనక్కి పెట్టేశాను.

ఆ చెయ్యి చాలాసేపు దిగలేదు. నేనూ కదల్లేదు. చివరికి దించి, "హరా" అని తనే అంటూ నా వైపు నోరు తెరిచింది. వట్టి పప్పన్నమే కలిపి పెట్టాను.