రేణుక వేళ్లకు చిక్కని మీట

మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్లో నా నెత్తిమీద ఫ్లాటు రవికిరణ్‌ది. అతను ఆర్నెల్లుగా గదిలో నడిచిన నడకను సాగదీస్తే ఈపాటికి కాశీ దాటేవాడు. సీలింగు అరిగిపోయి అతని చెప్పులు కనిపిస్తున్నాయంటే మా ఆవిడ జయలక్ష్మి నమ్మదు.

అతను తయారుచేస్తున్నది చూపులేనివారికి పుస్తకం చదివిపెట్టే పెట్టె. కింద పేజీ ఉంచితే చాలు, కెమెరాతో చూసి పైకి చదువుతుంది. ఆ శుక్రవారం రెండింటికి బాలానగర్‌ వర్క్‌షాపులో చంద్రయ్య దాని ప్లాస్టిక్ ఒంటిని పోసే ఇనుప అచ్చు, అంటే డై, కోయాలి. కోశాక ఇక మార్పులు లేవు.

పన్నెండున్నరకు మాదాపూర్ ఆఫీసులో చివరి పరీక్ష. అందులో చదివించే కథల పుస్తకం నాది కాబట్టి నన్నూ లాక్కెళ్లాడు. పరీక్షించేది రేణుక. పుట్టుకతో చూపులేదు, గ్రూప్స్‌కు చదువుతోంది.

"మా తమ్ముడే చదివిపెడుతుండె. వాడు అలిగితే నా చదువు బంద్," అంది.

పెట్టె పసిపాపకు గోరుముద్దలు తినిపిస్తున్నట్టు చదివింది.

"జర ఉరికిచ్చుండ్రి సార్! గిట్లయితే పరీక్ష అయినంక సిలబస్ అయితది."

వేగం మూడింతలు చేశాడు. నాకు తిరగమోతలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపించింది. రేణుక మాత్రం నవ్వాల్సిన చోటల్లా నవ్వింది. తర్వాత తనే వేగం తగ్గించబోయి పెట్టెను ముందూ వెనకా తడిమింది.

"మీట ఏడుంది సార్?"

"పైనున్న టచ్‌స్క్రీన్ అద్దం మీదేనండి, కుడి మూల."

"మూల దొరికింది. మీట దొరకలే."

"మేం పాతికమందిమి కళ్లకు రుమాలు కట్టుకుని చూశామండి. అందరికీ దొరికిందే!"

"రుమాలు కట్టకముందు సూసిన్రు గద సార్?"

రవికిరణ్ గోడ దాకా వెళ్లాడు, తిరిగొచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఒకటిన్నర అయింది. ఫోన్ తీశాడు.

"చంద్రయ్యగారూ, కోయకండి!"

"ఏంది సార్, ఇనుప దిమ్మ మిషన్‌కు బిగించిన. సోమవారం మీ కంపెనీ పెద్దసార్లకు చూపియ్యాలె గద?"

"చూపించనండి. ఏమంటారో అననివ్వండి. మేం వస్తున్నాం."

ముగ్గురం బాలానగర్ చేరాం. చంద్రయ్య పాత సామాన్ల డబ్బా రేణుక ముందు కుమ్మరించాడు. మిక్సీ మీటలు, రేడియో మీటలు, దేనివో తెలియనివి. "ఇది జారుతది. ఇది మొండిది," అంటూ ఆమె పక్కన పడేస్తుంటే రవికిరణ్ గుమ్మానికీ లేత్ మిషన్‌కూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. చివరికొకటి మెట్టుమెట్టుకూ టక్కుమంది.

"గిది పెట్టుండ్రి."

"దీనికి డై మార్చాలంటే ఇంకో నెల పడ్తది," అన్నాడు చంద్రయ్య.

రవికిరణ్ ఆ మీటను పెట్టె మీద ఆనించి, కళ్లు మూసుకోబోయి, ఆగాడు. పెట్టెను రేణుక వైపు జరిపాడు.

"ఎక్కడ పెట్టమంటారో మీరే చెప్పండి."

ఆమె పెట్టెను ఒళ్లో పెట్టుకుని బొటనవేలు ఆనించింది. చంద్రయ్య ఆ వేలి చుట్టూ సుద్దతో గీత గీశాడు.