సాటివాడి సంతకం

అడెలీనోకి కోపమొస్తే ఎదురుగా ఎవరున్నారో చూసుకోడు. న్యూవార్క్ మాంసం ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు వాడి పక్క బల్ల నాది. పందిని నిలువునా చీల్చడంలో వాడి తర్వాతే ఎవరైనా. "ఏంట్రా, నత్తలా చేస్తున్నావ్?" అన్నాడని ఓసారి ఫోర్‌మన్ మీదికి కత్తి విసిరాడు. అది ఆయన చెవి పక్కనుంచి వెళ్లి తలుపులో దిగింది. "చెవి నాకెందుకని వదిలేశా" అన్నాడు తాపీగా. మేమంతా పడీ పడీ నవ్వాం. బుద్ధిలేక నవ్వాం.

కత్తి పట్టీ పట్టీ వాడి కుడి మణికట్టులో నరం నొక్కుకుపోయింది. చిన్న ఆపరేషనే అన్నాడు సర్జన్. చేస్తూ చేస్తూ ఆ నరాన్నే కోసేశాడు. బొటనవేలూ పక్క రెండు వేళ్లూ చచ్చుబడ్డాయి. వాడు కాగే సూపు గిన్నెను ఆ చేత్తో పట్టుకుని, చర్మం ఊడొచ్చేదాకా తెలుసుకోలేకపోయిన రోజున వాళ్లావిడ ఒతీలియా పెట్టిన కేకలు మా ఇంటిదాకా వినిపించాయి.

లాయరు రూర్క్ అనే ఆవిడ కేసు వేసింది. వేశాక అసలు సంగతి చెప్పింది.

"ఈ న్యూజెర్సీలో డాక్టరు మీద కేసు నిలబడాలంటే, అదే పని చేసే ఇంకో డాక్టరు 'ఇక్కడ తప్పు జరిగినట్టుంది' అని ప్రమాణం చేసి సంతకం పెట్టాలండీ. అవతలివాళ్లు జవాబు వేసిన నాటినుంచి, గడువు పెంచుకున్నా నూట ఇరవై రోజులే. దాటిందా, కేసు పోయినట్టే. మళ్లీ వెయ్యనివ్వరు."

"నా చెయ్యి చూపిస్తే చాలదా?"

"చాలదండీ."

అడెలీనో ఎడమ చేత్తో కుర్చీ ఎత్తి కిటికీకేసి కొట్టాడు. ఆవిడ ఒళ్లోని గాజుముక్కలు దులుపుకుని, "ఇంకో కుర్చీ ఉంది, కూర్చోండి" అంది. గట్టి పిండం!

పదకొండు మంది సర్జన్లను అడిగాం. ఒక్కడూ సంతకం పెట్టలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ వాడు పళ్లతో చింపేశాడు. చివరికి లిండ్‌గ్రెన్ అనే పెద్దాయన, ఆయనా సర్జనే, సరేనన్నాడు. శుక్రవారంతో గడువు ఆఖరు. గురువారం మధ్యాహ్నానికే వాడికి కాలు నిలవలేదు.

"ఒరేయ్ అబేల్, కారు తియ్యి. కాగితం కళ్లారా చూసొద్దాం."

తీశాను. నాకూ బుద్ధి లేదు.

ఇంటికెళ్తే పెద్దాయనే తలుపు తీసి, ద్వారబంధం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "సంతకం ఇంకా పెట్టలేదయ్యా..." అన్నాడు. అంతే. మిగతా మాట అడెలీనో చెవికెక్కలేదు. బయటికి తెరుచుకునే ఆ బరువు తలుపును భుజమంతా పెట్టి ఆయన చేతి మీదికి తోశాడు. ఎముకలు విరిగే చప్పుడు నాకు తెలుసు, పంతొమ్మిదేళ్లు విన్నాను. వాడి మెడ పట్టుకుని వేలాడాను. మోచేత్తో ఒక్కటిచ్చాడు, నా ముందుపన్ను ఎగిరిపోయింది.

"నీ చెయ్యీ పోనీ! అప్పుడు తెలుస్తుందిరా మీకు!" అని అరుస్తూ మళ్లీ తోశాడు. మళ్లీ.

పెద్దాయన గోడ వెంబడి జారి కూలబడ్డాడు. "నోటరీ... మూడింటికొస్తాడు. ఆయన కళ్లముందే పెట్టాలి... అందుకే ఆగాను" అన్నాడు. పక్క బల్లమీద టైపు చేసిన కాగితం, దానిమీద కలం ఉన్నాయి.

అడెలీనో ఆ కలం తీసుకుని ఆయన నుజ్జయిన వేళ్ల మధ్య పెట్టబోయాడు. వాడి వేళ్లలోనూ అది నిలవలేదు. రక్తంలో పడింది. "పెట్టండి సార్, మీ కాళ్లు పట్టుకుంటా, పెట్టండి" అని వెక్కి వెక్కి ఏడుస్తూ మళ్లీ తీశాడు, మళ్లీ జారిపోయింది. పోలీసులు వచ్చేదాకా అదే పని.

శుక్రవారం వెళ్లిపోయింది. జరిగింది విన్నాక ఏ డాక్టరు మా ఛాయలకు వస్తాడు? కేసు కొట్టేశారు. ఆ సర్జన్ ఇప్పటికీ ఆపరేషన్లు చేస్తూనే ఉన్నాడు.

గురువారం సాయంత్రమే స్టేషన్‌లో "చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టు" అని నా ముందుకు కాగితం తోశారు. పదకొండు మంది డాక్టర్లు సాటివాడి మీద పెట్టని సంతకం, నేను ఒక్క నిమిషంలో పెట్టేశాను. వాడికి ఐదేళ్లు పడ్డాయి. ఒతీలియా నా మొహం చూడదు.